వాగ్దానం కార్డు మీద లేని వచనం

 

ఈరోజు ఎపిసోడ్‌ని నేను మూడుసార్లు రికార్డ్ చేసి, మూడుసార్లూ డిలీట్ చేశాను. ఇందులో చెప్పాల్సింది నా గురించి, అది కూడా గొప్పగా చెప్పుకునే విషయం కాదు. కానీ "అన్నా, రోజూ ఆఫీసు, కాలేజీ, ఇల్లు వీటి మధ్యలో విశ్వాసంలో ఎలా ఎదగాలి?" అని మీలో చాలామంది అడుగుతున్నారు. ఈ సంగతి దాచిపెట్టి ఆ ప్రశ్నకి జవాబు చెబితే అది ఇంకో అబద్ధం అవుతుంది. అందుకే నాలుగోసారి కూర్చున్నాను.

డిసెంబర్ 31 రాత్రి మనం ఆరాధనకి వెళ్తాం కదా. పన్నెండు అవ్వగానే హ్యాపీ న్యూ ఇయర్ చెప్పుకుంటాం, కేక్ తింటాం, తర్వాత వరుసలో నిలబడి వాగ్దానం కార్డు తీసుకుంటాం. ఇంటికి వెళ్ళేలోపే ఆ కార్డు ఫోటో వాట్సాప్ స్టేటస్‌లో ఉంటుంది. నేనూ పెట్టేవాణ్ణి. ఇప్పటికీ పెడతాను. కార్డు తప్పని నేను అనట్లేదు. కార్డు మీద ఉన్న వచనానికి ముందు ఏముందో, తర్వాత ఏముందో మనలో ఎంతమంది తెరిచి చూశాం? అదొక్కటే నా ప్రశ్న.

2018 డిసెంబర్ 31 రాత్రి నా చేతికి వచ్చిన కార్డు మీద యిర్మీయా 29:11 ఉంది. మీ అందరికీ తెలిసిన వచనమే. దేవుడు మన గురించి మంచి ఆలోచనలే కలిగి ఉన్నాడని, మనకి ఒక భవిష్యత్తు, ఒక నిరీక్షణ ఇస్తాడని చెప్పే వచనం. ఆ సంవత్సరం మే నెలలో నా బీటెక్ అయిపోయింది. క్యాంపస్‌లో రాలేదు. అమీర్‌పేటలో హాస్టల్, మైత్రీవనం దగ్గర జావా కోర్సు. మా నాన్న లారీ డ్రైవర్, మా అమ్మ ఇంట్లో మిషన్ కుడుతుంది. నెలనెలా హాస్టల్ డబ్బులు పంపడానికి వాళ్ళు ఏం తగ్గించుకుంటున్నారో నాకు తెలుసు. అలాంటి టైంలో ఆ కార్డు చేతికి వచ్చేసరికి నాకు అర్థమైంది ఒక్కటే. ఈ సంవత్సరం జాబ్ వస్తుంది. అంతే. దేవుడు రాసి ఇచ్చేశాడు అనుకున్నాను.

ఫిబ్రవరి వచ్చినా జాబ్ రాలేదు. "ఫ్రెషర్స్‌కి ఓపెనింగ్స్ లేవు, ఎక్స్‌పీరియన్స్ పెట్టుకో" అన్నారు రూమ్‌లో వాళ్ళు. ఒక కన్సల్టెన్సీకి తీసుకెళ్ళారు. అరవై వేలు కడితే ఆఫర్ లెటర్, పేస్లిప్పులు, రిలీవింగ్ లెటర్ అన్నీ వాళ్ళే ఇస్తారు. నేను ఎప్పుడూ అడుగుపెట్టని కంపెనీలో రెండేళ్ళు పనిచేసినట్టు! అమ్మకి "ట్రైనింగ్ ఫీజు" అని చెప్పాను. అమ్మ మెడలో గొలుసు తాకట్టు పెట్టి డబ్బు పంపింది.

ఇంటర్వ్యూలో అడిగిన జావా ప్రశ్నలకి నేనే సమాధానాలు చెప్పాను, ఎవరినీ పెట్టుకోలేదు. "నాకు పని వచ్చు కదా, కాగితం ఒక్కటే కదా తేడా" అని మనసుకి సర్దిచెప్పుకున్నాను. తర్వాత బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్. ఆ పది రోజులు నేను ఏం ప్రార్థన చేశానో తెలుసా? మోకాళ్ళ మీద పడి, కన్నీళ్ళతో, "ప్రభువా, దొరక్కుండా చూడు" అని. నా అబద్ధానికి దేవుణ్ణి కాపలా పెట్టుకున్నాను. అప్పట్లో అది నాకు వింతగా కూడా అనిపించలేదు.

దొరకలేదు. 2019 ఏప్రిల్‌లో జాయిన్ అయ్యాను. అమ్మ ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టించింది. సంఘం అంతా వచ్చింది. నేను నిలబడి సాక్ష్యం చెప్పాను. కార్డు చూపించి మరీ చెప్పాను. అందరూ చప్పట్లు కొట్టి దేవుణ్ణి స్తుతించారు. ఆ తర్వాత ఇరవై నెలలు నేను ఆ ఉద్యోగం చేశాను. ఆ ఇరవై నెలల్లో నా బైబిల్ యాప్‌లో స్ట్రీక్ ఒక్కరోజు కూడా తెగలేదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరకి వస్తాను.

10వ వచనం ఎక్కడ?

ఇప్పుడు బైబిల్ తెరవండి. ఫోన్‌లో అయినా పర్లేదు. యిర్మీయా 29వ అధ్యాయం.

ఇది ఒక ఉత్తరం. క్రీ.పూ. 597లో నెబుకద్నెజరు యెరూషలేము నుంచి రాజైన యెకొన్యాని, చాలామంది పెద్దల్ని, పనివాళ్ళని చెరపట్టి బబులోనుకి తీసుకెళ్ళాడు. ఇల్లు పోయింది, దేశం పోయింది, దేవాలయానికి దూరమయ్యారు. వాళ్ళకి యిర్మీయా రాసిన ఉత్తరం ఇది. దీనికి ముందు 28వ అధ్యాయం చూడండి. హనన్యా అనే ఒకాయన లేచి, రెండేళ్ళలో అంతా సరైపోతుంది, తీసుకెళ్ళిన దేవాలయపు వస్తువులు కూడా తిరిగొచ్చేస్తాయి అని దేవుని పేరు మీద ప్రకటించాడు. వినడానికి ఎంత బాగుంది! ఈ రోజుల్లో అయితే ఆ క్లిప్ అందరి స్టేటస్‌లో ఉండేది. కానీ అది దేవుడు పంపిన మాట కాదని యిర్మీయా ముఖం మీదే చెప్పాడు.

అసలు మాట 29:10లో ఉంది. డెబ్బై సంవత్సరాలు. ఆ తర్వాతే 11వ వచనం వస్తుంది. అంటే మనం కార్డు మీద చదువుకునే ఆ మంచి మాట మొదట విన్నవాళ్ళలో చాలామంది, అది నెరవేరేసరికి బ్రతికే ఉండరు. మరి అంతవరకు వాళ్ళేం చెయ్యాలి? అది 5, 6, 7 వచనాల్లో ఉంది. ఇళ్ళు కట్టుకోండి, తోటలు వేసి వాటి ఫలాలు తినండి, పెళ్ళిళ్ళు చేసుకోండి, మీరున్న ఆ పట్టణం బాగుండాలని ప్రార్థన చెయ్యండి. చూశారా? తోట వేస్తే పండు తినడానికి ఏళ్ళు పడుతుంది. దేవుడు వాళ్ళకి వాగ్దానం ఇచ్చాడు, దాంతోపాటు పలుగూ పారా కూడా ఇచ్చాడు.

నేను కార్డు మీద 11వ వచనం తీసుకుని, హనన్యా ఇచ్చిన టైం పెట్టుకున్నాను. రెండేళ్ళు కూడా కాదు, రెండు నెలలు! దేవుని టైం నాకు సరిపోలేదు కాబట్టి అరవై వేలు కట్టి నేనే నెరవేర్చుకున్నాను. పైగా దానికి సాక్ష్యం అని పేరు పెట్టాను.

అదే బబులోనులో దానియేలు కూడా ఉన్నాడు. యిర్మీయా రాసిన ఆ డెబ్బై సంవత్సరాల సంగతి ఆయన చదివి తెలుసుకున్నాడని దానియేలు 9:2లో ఉంటుంది. మరి ఆయన ఆ ఏళ్ళన్నీ ఎలా గడిపాడు? సింహాల గుహ గురించి మనకి సండే స్కూల్ నుంచి తెలుసు. దానికి ముందు 6:4 చూడండి. ఆయన మీద అసూయపడినవాళ్ళు ఆయన ఉద్యోగం మొత్తం వెతికారు. ఒక్క తప్పు దొరకలేదు. మన భాషలో చెప్పాలంటే బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో క్లీన్. "దొరక్కుండా చూడు ప్రభువా" అని ఆయన ప్రార్థన చెయ్యాల్సిన అవసరం రాలేదు. దొరకడానికి అక్కడ ఏమీ లేదు.

ఇరవై ఒక్క రోజుల ఉపవాసం

2020 డిసెంబర్. కరోనా టైం కాబట్టి వర్క్ ఫ్రం హోమ్, మా ఊళ్ళోనే ఉన్నాను. ఒకరోజు సాయంత్రం మా సంఘంలో తమ్ముడు ఒకడు ఇంటికి వచ్చాడు. ఆ సంవత్సరమే బీటెక్ అయ్యింది. బాగా చిక్కిపోయి ఉన్నాడు. ఏంట్రా ఇలా ఉన్నావు అని అడిగాను.

"ఉపవాసం ఉంటున్నానన్నా. ఇరవై ఒక్క రోజులు. ఆ రోజు నువ్వు సాక్ష్యం చెప్పావు కదా, దేవుడు నీకు ఎలా జాబ్ ఇచ్చాడో. నేనూ అలాగే ప్రార్థన చేస్తున్నా. నాకెందుకు ఇవ్వట్లేదన్నా? నా విశ్వాసంలో ఏదైనా లోపం ఉందా?"

నేనేం మాట్లాడలేకపోయాను. వాడు తన విశ్వాసంలో లోపం వెతుక్కుంటున్నాడు, లోపం నా పేస్లిప్పుల్లో ఉంది. "ప్రార్థన చేద్దాం రా" అని చెప్పి పంపించేశాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. బైబిల్ యాప్ తెరిస్తే స్ట్రీక్ నంబర్ కనిపించింది. నాకే అసహ్యం వేసింది.

మూడు రోజుల తర్వాత వాడి దగ్గరికి వెళ్ళి నిజం చెప్పాను. వాడు ఒక్క మాట కూడా అనలేదు. లేచి లోపలికి వెళ్ళిపోయాడు. చాలా వారాలు యూత్ మీటింగ్‌కి రాలేదు. తర్వాత అయ్యగారికి చెప్పాను. ఆయన తిట్టలేదు. "ఇంకా ఎవరికి చెప్పాలి?" అని అడిగారు. ఆ జాబితా నాకు తెలుసు. అమ్మకి చెప్పాను. అమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు అన్నం పెడుతూ ఒక్కటే అడిగింది. "ఆ రోజు అందరినీ పిలిచి కూడిక పెట్టాం కదరా, బిర్యానీ పెట్టాం, దేవుడికి స్తోత్రం చెప్పాం. అదంతా కూడా అబద్ధమేనా?" ఆ ప్రశ్నకి నా దగ్గర ఈరోజుకీ సరైన జవాబు లేదు.

జనవరిలో మేనేజర్‌కి చెప్పాను, ఆయన హెచ్‌ఆర్‌కి చెప్పారు. ఉద్యోగం పోయింది. ఎక్స్‌పీరియన్స్ లెటర్ ఇవ్వలేదు. అది వాళ్ళ తప్పు కాదు, రూల్ అది. నేను నిజంగా పనిచేసిన ఇరవై నెలలు కూడా కాగితం మీద లేకుండా పోయాయి. ఏడు నెలలు ఖాళీగా ఉన్నాను. తర్వాత ఒక చిన్న కంపెనీలో ఫ్రెషర్‌గా, ఫ్రెషర్ జీతానికి చేరాను. అమ్మ గొలుసు విడిపించేసరికి 2023 వచ్చింది.

"నిజం చెప్పగానే దేవుడు డబుల్ జీతంతో జాబ్ ఇచ్చాడు" అని ముగిస్తే ఈ వీడియోకి వ్యూస్ బాగా వస్తాయి. కానీ అలా జరగలేదు. జరిగింది ఒక్కటి. ఏడు నెలల నిరుద్యోగంలో, చాలాకాలం తర్వాత మొదటిసారి, భయం లేకుండా ప్రార్థన చేశాను. దేవుడి దగ్గర ఏదో దాచిపెట్టి మాట్లాడుతున్నట్టు లేదు. అది ఎంత విలువైనదో పోగొట్టుకున్నవాళ్ళకే తెలుస్తుంది.

స్ట్రీక్ పెరిగింది, నేను పెరగలేదు

ఇప్పుడు అసలు ప్రశ్నకి వద్దాం. రోజూ బైబిల్ చదువుతూ కూడా నేనెందుకు ఎదగలేదు? 2 పేతురు 1వ అధ్యాయం 5 నుంచి 7 వచనాల్లో దీనికి జవాబు దొరికింది. విశ్వాసంతో పేతురు ఆగలేదు. దానికి సద్గుణం, జ్ఞానం, ఆశానిగ్రహం, సహనం, భక్తి, సహోదర ప్రేమ, దయ, ఈ ఏడు కలుపుకుంటూ వెళ్ళమన్నాడు. అది కూడా ఏదో తీరిక ఉన్నప్పుడు కాదు, పూర్తి శ్రద్ధ పెట్టి.

అయితే ఇక్కడ ఒక జాగ్రత్త. ఈ ఏడూ సంపాదించుకుంటే దేవుడు మనల్ని ప్రేమిస్తాడని కాదు. 3, 4 వచనాలు ముందున్నాయి కదా. మనకి కావలసినవన్నీ దేవుడు ముందే ఇచ్చాడు, వాగ్దానాలు ఇచ్చాడు. ఆ కారణం చేతనే మీరు శ్రద్ధ పెట్టండి అంటున్నాడు. కృప ముందు, కష్టం తర్వాత. మనం 4వ వచనం దగ్గర స్టేటస్ పెట్టుకుని 5వ వచనం చదవకుండా ఫోన్ పక్కన పెట్టేస్తున్నాం.

ఈ మాటలు రాస్తున్నది ఎవరు? బొగ్గుల మంట దగ్గర చలి కాచుకుంటూ, యేసు ఎవరో నాకు తెలీదు అని మూడుసార్లు అబద్ధం చెప్పిన పేతురు. యోహాను 21లో మళ్ళీ ఒక బొగ్గుల మంట కనిపిస్తుంది. అక్కడ ప్రభువు ఆయనకి చేపలు, రొట్టె పెట్టి, ప్రేమిస్తున్నావా అని మూడుసార్లు అడిగాడు. అబద్ధం చెప్పినవాడికి కూడా ప్రభువు దగ్గర భోజనం ఉంది, పని కూడా ఉంది. ఇది నాకు చాలా ధైర్యం ఇచ్చింది.

ఇక ఏడింటి గురించీ ఈరోజు చెప్పను. నేను రోజూ ప్రాక్టీస్ చేస్తూ, రోజూ ఫెయిల్ అవుతూ, కొంచెం కొంచెం నేర్చుకుంటున్న మూడు విషయాలు చెబుతాను.

మొదటిది, చిన్న నిజాలు. నా పెద్ద అబద్ధం అరవై వేలతో మొదలవ్వలేదు. ఇంట్లోనే కూర్చుని "దారిలో ఉన్నా మావా" అనడంతో మొదలైంది. ల్యాబ్ రికార్డ్ పక్కవాడిది చూసి రాసి నా పేరు పెట్టుకోవడంతో మొదలైంది. చిన్నదాంట్లో నమ్మకంగా ఉన్నవాడే పెద్దదాంట్లో నమ్మకంగా ఉంటాడని ప్రభువు చెప్పాడు, లూకా 16:10. ఇప్పుడు ఆఫీసులో పొద్దున స్టాండప్ మీటింగ్‌లో పని అవ్వకపోతే "ఆల్మోస్ట్ డన్" అనను. "అవ్వలేదు, రేపటికి అవుతుంది" అంటాను. నోరు పొడిబారుతుంది, నిజంగా. కానీ ఈ చిన్నచోట అలవాటు కాకపోతే, పెద్దచోట నిజం చెప్పే బలం ఒక్కసారిగా ఎక్కడి నుంచి వస్తుంది?

రెండోది, ఆశానిగ్రహం. మన తరానికి ఇది ఎక్కువగా ఫోన్ దగ్గరే పరీక్ష. నేను చేసింది చాలా చిన్న పని. రాత్రి పడుకునేముందు ఫోన్ హాల్లో ఛార్జింగ్ పెడతాను. అలారం కోసం నూటయాభై రూపాయల గడియారం కొన్నాను. పొద్దున పేపర్ బైబిల్ తెరుస్తాను. స్ట్రీక్ ఆపేశాను. యాప్ చెడ్డదని కాదు, నేను నంబర్ కోసం చదువుతున్నానని అర్థమైంది కాబట్టి. ఇప్పుడు ఎన్ని అధ్యాయాలు అని లెక్కపెట్టను. చదివిన దాంట్లో ఈరోజు చెయ్యాల్సింది ఒక్కటి కాగితం మీద రాసుకుని జేబులో పెట్టుకుంటాను. కొన్ని రోజులు సాయంత్రం ఆ కాగితం తీసి చూస్తే సిగ్గేస్తుంది. ఆ సిగ్గు కూడా మంచిదే, మళ్ళీ ప్రార్థనకి తీసుకెళ్తుంది.

మూడోది, ఇంట్లో సహనం. ఇది అన్నిటికంటే కష్టం. క్లయింట్ అదే ప్రశ్న ఐదోసారి అడిగినా "ష్యూర్, నో ప్రాబ్లమ్" అంటాం. నాన్న ఫోన్‌లో డబ్బులు ఎలా పంపాలో రెండోసారి అడిగితే "ఎన్నిసార్లు చెప్పాలి నాన్నా!" అంటాం. క్లయింట్‌కి ఇచ్చే సహనం జీతం కోసం. నాన్నకి ఇచ్చేది ప్రేమ కోసం. ఒకరోజు మా నాన్న అడగడం మానేశారు. పక్కింటి కుర్రాడి దగ్గరికి వెళ్ళి పంపించుకున్నారు. అది తెలిసినప్పుడు, యూత్ మీటింగ్‌లో సహోదర ప్రేమ గురించి నేను చెప్పిన మెసేజ్‌లన్నీ గుర్తొచ్చాయి. ఇప్పుడు ఆదివారం ఆరాధన అయ్యాక నాన్న పక్కన కూర్చుని, ఫోన్ ఆయన చేతిలోనే ఉంచి, ఆయన చేతే నొక్కిస్తాను. టైం పడుతుంది. పట్టనివ్వండి.

ఈ వారం

ఇది చూస్తున్నవాళ్ళలో నాలాంటి కాగితాలతో ఉద్యోగం చేస్తున్నవాళ్ళు ఉండొచ్చు. నేను మీకు తీర్పు తీర్చట్లేదు. ఇంటి అప్పులు, చెల్లి పెళ్ళి, నాన్న ఆరోగ్యం, ఆ బరువు నాకు తెలుసు. కానీ "అందరూ చేస్తున్నారు కదా" అని కూడా మీకు చెప్పలేను. ఒంటరిగా మొయ్యకండి. మీ సంఘంలో నమ్మదగిన ఒక పెద్దవాళ్ళ దగ్గరికి వెళ్ళి ముందు నిజం చెప్పండి. తర్వాతి అడుగు వాళ్ళతో కలిసి ప్రార్థన చేసి వెయ్యండి. ఇంకా ఆ కాగితాల దాకా వెళ్ళనివాళ్ళు, ప్లీజ్, ఆగండి. ఆలస్యం అయితే అవనివ్వండి. దేవుని వాగ్దానం మన ఫేక్ పేస్లిప్పుల మీద ఆధారపడి లేదు.

మిగతా అందరికీ ఈ వారం ఒక చిన్న పని. మీ వాగ్దానం కార్డు తీయండి. ఆ వచనం ఉన్న అధ్యాయం మొత్తం చదవండి. అందులో దేవుడు చెయ్యమన్నది ఒకటి వెతకండి. ఏడు రోజులు అది చెయ్యండి. స్టేటస్ పెట్టొద్దు, ఎవరికీ చెప్పొద్దు.

ఆ తమ్ముడి గురించి చాలామంది అడుగుతారని తెలుసు. ఇప్పుడు సంఘానికి వస్తున్నాడు. ఎదురుపడితే "వందనాలన్నా" అంటాడు. మునుపటిలా ఇంటికి మాత్రం రాడు. దాని కోసం ప్రార్థన చేస్తున్నాను. మీరు కూడా చెయ్యండి. తోట వేశాను అనుకుంటున్నా, పండు ఎప్పుడు వస్తుందో దేవుడి చేతిలో ఉంది.

కళ్ళు మూసుకుందాం, ప్రార్థన చేద్దాం.

ప్రేమగల తండ్రీ, నీకు స్తోత్రాలు. మేము నీ వాగ్దానాలు పట్టుకున్నాం గానీ నీ దారిని వదిలేశాం. మమ్మల్ని క్షమించు. మా నోట చిన్న నిజాలు ఉంచు. మా చేతిలో ఉన్న ఫోన్ మీద మాకు అదుపు ఇవ్వు. మా ఇంట్లోవాళ్ళతో ఓపిగ్గా మాట్లాడే మనసు ఇవ్వు. ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్న ప్రతి తమ్ముణ్ణి, చెల్లెల్ని జ్ఞాపకం చేసుకో. అబద్ధం మోస్తూ అలసిపోయినవాళ్ళకి నిజం చెప్పే ధైర్యం ఇవ్వు, చెప్పాక నిలబెట్టు. యేసు నామంలో అడుగుతున్నాము తండ్రీ, ఆమేన్.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం ఫ్రెండ్స్. ఈలోపు ఎవరైనా "ఎక్కడున్నావు" అని ఫోన్ చేస్తే, ఇంట్లోనే ఉంటే, ఇంట్లోనే ఉన్నానని చెప్పండి. అక్కడి నుంచి మొదలుపెడదాం.